ఊస్మా చర్చిలో ఒకే ఒక్క విశ్వాసి

అక్టోబరు 4

బాయిలరు బాగానే ఉంది. వెనక వరస రేడియేటర్లలో గాలి చేరితే బయటికి తీసేశాను. గంట గోపురం కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంటోంది. పక్కింటి ఉర్మాస్‌కి చెప్పాలి.

చర్చిని వెచ్చగా ఉంచే ఈ బాయిలరు తన సంగతులు తానే చెప్పుకోగలదు. కానీ చర్చి లోపల మాట్లాడే యంత్రాలు ఉండకూడదని ఈ దేశంలో పాత చట్టం ఒకటి ఉంది. దాన్ని రద్దు చేయడం అందరూ మర్చిపోయారు. కాబట్టి రోజూ ఒక మనిషి వచ్చి చూసి చిట్టా రాయాలి. ఆ మనిషిని నేను. జీతం లేదు. ఆదివారం కాఫీ, ఒక యాలకుల బన్ను ఇస్తారు. చిట్టా ఏ భాషలో రాయాలో నియమాల్లో లేదు. తెలుగులో రాస్తున్నాను. కావాలంటే యంత్రం చేత చదివించుకోవచ్చు. బాయిలరు చిట్టా ఎవరు చదువుతారు?

ఊళ్లో మిగతావన్నీ జవాబు చెప్తాయి. కెటిల్, వీధి తలుపు, బస్‌స్టాపు, చెత్తబుట్ట. మొన్న బూట్లు వేసుకుంటూ "అబ్బా" అన్నాను. బూట్ల స్టాండు నాకు మోకాళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. మార్చిలో సలోమి పోయాక ఒకసారి అలవాటు కొద్దీ ఆమెను పేరు పెట్టి పిలిచాను. "మీ భార్య గొంతు మా దగ్గర భద్రంగా ఉంది. మాట్లాడించమంటారా?" అంది గోడ. వద్దన్నాను. "తర్వాత గుర్తు చేయమంటారా?" అంది.

అందుకని పొద్దున్నే ఇక్కడికొస్తాను. మూడో వరసలో ఆమె కూర్చునే చోటు వదిలి పక్కన కూర్చుంటాను. నిన్నటి సంగతులు ఆమెకి చెప్తాను. ఇక్కడ ఏదీ జవాబు చెప్పదు.

అక్టోబరు 9

పాస్టరమ్మ మారిక బాయిలరు గదిలోకి దిగి వచ్చింది. ఎప్పుడూ రాదు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆవిడ రెండు మోకాళ్లూ మార్పించుకున్నవి. చేతిలో చక్కెర డబ్బా అంత నల్లటి పెట్టె ఉంది.

"నమ్మకాల లెక్కల శాఖ వాళ్లు పంపించారు," అంది. "చర్చిలో విశ్వాసులు ఉన్నారో లేదో డిసెంబరు దాకా వింటుందట."

"మీరున్నారుగా."

మారిక మఫ్లరు విప్పి మళ్లీ చుట్టుకుంది.

"ఆ సంగతే చెప్దామని వచ్చాను. పాస్టర్లని ముందుగానే పరీక్షించారు. నాకు సున్నా వచ్చింది."

"సున్నా అంటే?"

"సున్నా అంటే సున్నాయే, చార్వాక గారూ. మీకూ నాకూ తేడా లేదు. నాకు జీతం ఉంది, మీకు లేదు."

"ఎప్పుడు పోయింది?"

"గొడుగు పోయినట్టు పోయింది. ఎక్కడో పెట్టి మర్చిపోయాను. వాన రాలేదు, వెతకలేదు."

ఒక్క విశ్వాసి కూడా లేకపోతే భవనం ప్రజోపయోగానికి వెళ్తుందట. లోపల పిల్లలకి గోడలెక్కడం నేర్పే క్లబ్బు పెడతామని ఊళ్లో లేలొ అనే అమ్మాయి అప్పటికే దరఖాస్తు పెట్టింది. ఆవరణ బ్యాటరీల షెడ్డుకి. సమాధుల్లో ఉన్నవాళ్లని ఈ ఊస్మా దీవి దాటి పెద్ద గడ్డ మీది స్మృతిశాలకి తీసుకెళ్లి అరల్లో పెడతారు. ఒక్కో అరకి ఒక తెర. తెర మాట్లాడుతుంది.

సలోమి నన్ను అడిగింది ఒక్కటే. "నేలలోనే పెట్టండి, అరలో వద్దు." నేల గడ్డకట్టి ఉంటే ఉర్మాస్ రెండు రోజులు తవ్వాడు.

"ఈ పెట్టె ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను.

"మీ ఇష్టం. మీకు నమ్మకం లేదు కదా, మీరైతే నిష్పక్షపాతంగా పెడతారు."

ముందు వరస బల్ల మీద పెట్టాను.

అక్టోబరు 15

బాయిలరు ఒత్తిడి సరిగానే ఉంది.

పెట్టెకి ఊళ్లో అప్పుడే పేరు పెట్టారు. చెవి. మారిక, ఉర్మాస్, నేను కూర్చుని దాంతో పాటు వచ్చిన సూచనలు చదివాం. ఉర్మాస్ పడవలు బాగుచేస్తాడు, మా పక్కిల్లు. చదివేటప్పుడు పెదాలు కదుపుతాడు.

చెవి మాటలు వినదట. ఎవరి గొంతో గుర్తుపట్టదట. ఆంతరంగిక హక్కుల చట్టం ఒప్పుకోదు. అది చూసేది మాట ఆకారాన్ని మాత్రమే. ఒక మనిషి ఎదురుగా లేని ఎవరితోనో మాట్లాడి, జవాబు కోసం ఆగితే విశ్వాసి. ఆగకుండా చెప్పుకుపోతే పుస్తకం చదువుతున్నట్టు లెక్క. ఒకరి మాటకి పక్కవాళ్లు కూడా జవాబు కోసం ఆగితే వాళ్లూ లెక్కకొస్తారు.

"అంటే ఆగడమే దైవభక్తి," అన్నాడు ఉర్మాస్. "బస్సు కోసం ఆగినట్టు."

"బస్సు వస్తుంది," అన్నాను.

"మన దీవిలోనా?" అన్నాడు.

అక్టోబరు 26, ఆదివారం

ఇక్కడ ఆదివారం పూట ఆరాధన అంటే కాఫీ. పాట, ప్రసంగం ఎప్పుడో తగ్గిపోయాయి. కాఫీ మిగిలింది. జనం పావు తక్కువ పదకొండుకి వస్తారు, పాస్టరమ్మ "ప్రభువు మీకు తోడై యుండును గాక" అంటుంది, వంటగదిలోంచి బన్నులు వస్తాయి. ఎవరూ ఆలస్యంగా రారు.

ఈ వారం బన్నుల కంటే ముందు చెవి నివేదిక వచ్చింది. మారిక పైకి చదివింది.

"విశ్వాసులు: ఒకరు."

కప్పులు కింద పెట్టిన చప్పుడు.

"ఒకరా? ఎవరు?" అంది లేలొ. క్లబ్బు నడిపేది ఈ అమ్మాయే. చేతివేళ్లకి ఎప్పుడూ పట్టు జారకుండా రాసుకునే సుద్దపొడి.

అందరూ పక్కవాళ్ల వంక చూశారు. ఇక్కడ దేవుణ్ని నమ్మడం తప్పు కాదు. నైట్‌డ్రస్‌లో వీధిలోకి రావడం కూడా తప్పు కాదు. చూసినవాళ్లు మొహం తిప్పుకుంటారు.

"నా చర్చిలో," అంది మారిక, కాగితాన్ని ఊపుతూ, "నాకు తెలియకుండా ఎవరో ప్రార్థన చేస్తున్నారు!"

ఆవిడకి కోపమో ఆనందమో తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు.

నివేదిక కింద ఇంకో వాక్యం ఉంది: ప్రతిరోజూ, ఉదయం పూట. ఉదయం పూట చర్చిలోకి వచ్చేవాడు ఒక్కడే. బాయిలరు చూసేవాడు.

నన్నెవరూ అనుమానించలేదు. నా పేరుకి అర్థం ఊరందరికీ తెలుసు. సలోమి చెప్పి నవ్వించేది. మా నాన్న తెనాలిలో హేతువాద సంఘం నడిపాడు, కొడుక్కి చార్వాక అని పేరు పెట్టుకున్నాడు. ఆ కొడుకు నరసరావుపేట లూథరన్ పంతులు గారి అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ల చర్చిలో పాస్టరుని అయ్యగారు అంటారు. పెళ్లయిన మర్నాటి నుంచి సలోమి నన్ను అదే పిలుపు పిలిచింది. అయ్యగారూ, కాఫీ. అయ్యగారూ, గ్యాస్ అయిపోయింది.

బన్ను తిన్నాను. బాగుంది.

నవంబరు 2, ఆదివారం

వారమంతా ఊరు గూఢచారుల మయం. బేకరీ ఆవిడ ఆకాశం వంక చూసి నిట్టూర్చిందట. వాన వస్తుందేమోనని చూశానని ప్రమాణం చేస్తానంది. ప్రమాణం ఎవరి మీద అని అడిగారు. ఏడ్చేసింది.

ఉర్మాస్‌ని ఇద్దరు నిలదీశారు.

"నువ్వేనట కదా?"

"నేనా? నేను వాతావరణ సూచననే నమ్మను."

లేలొ చర్చి తలుపు దగ్గర నన్ను పట్టుకుంది. "మీరు రోజూ వస్తారుగా, ఎవరైనా కనిపించారా?"

"నేనొచ్చినప్పుడు నేను తప్ప ఎవరూ ఉండరు," అన్నాను. నిజం చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఈ ఒక్కడి వల్ల సలోమి నేలలోనే ఉంటుంది. నేను నోరు మూసుకుంటే చాలు. ఈ ఉదయం మూడో వరసలో కూర్చుని ఆ సంగతే ఆమెకి చెప్పాను. చెప్తున్నంతసేపూ ముందు బల్ల మీది నల్ల పెట్టె నా వెన్ను వెనక ఉన్నట్టే అనిపించింది. నా ఎదురుగానే ఉంది.

నవంబరు 10

బాయిలరుకి కొత్త వాషరు వేశాను.

లేలొ అప్పీలు చేసింది. ఆగమన కాలం రెండో ఆదివారం, డిసెంబరు 7న, రాజధాని నుంచి తనిఖీ అధికారి వస్తాడు. ఆ విశ్వాసి అతని ముందు నిలబడి తన నోటితో చెప్పాలి. ఎవరూ నిలబడకపోతే పాత అంకెలు కొట్టేసి, అధికారి సమక్షంలో చెవిని ఆఖరిసారి విననిస్తారు. ఆ రోజు ఎంత వస్తే అంతే.

లేలొ ఈ మాట నాకు తనే వచ్చి చెప్పింది. దాచే రకం కాదు.

"మీకు కోపం వస్తుందని తెలుసు. మీ ఆవిడ ఆ ఆవరణలో ఉన్నారని కూడా తెలుసు. కానీ ఈ దీవి పిల్లలకి చలికాలం ఆరు నెలలు. ఎక్కడికి పోవాలి?" తల పైకెత్తింది. "ఆ పైకప్పు ఎత్తు చూడండి. దేవుడి కోసం కట్టారు. ఆయన వాడుకోవడం లేదు."

వాదనలో లోపం నాకు కనిపించలేదు. మా నాన్నయితే చప్పట్లు కొట్టేవాడు.

"అరలో మాత్రం పెట్టనివ్వను," అన్నాను.

"అయితే ఆ విశ్వాసిని వెతకండి," అంది. "నిజమైనవాణ్ని. దొంగవాడైతే నేను ఒప్పుకోను."

నవంబరు 16, ఆదివారం

ఉర్మాస్, మారిక ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఎవరో తెలియని ఆ ఒక్కడి మీద ఆధారపడటం ప్రమాదం. మూడు వారాల్లో వాళ్లే విశ్వాసులు కావాలి. నేర్పేవాళ్లు కావాలి. దీవిలో నిజంగా ప్రార్థన చేసే మనిషిని దగ్గర్నుంచి చూసినవాణ్ని నేనొక్కణ్నే.

అలా మా నాన్న కొడుకు ఒక పాస్టరుకి ప్రార్థన నేర్పాడు.

ముందు ఇద్దర్నీ చేసి చూపించమన్నాను. ఉర్మాస్ టోపీ తీశాడు. "దేవుడా, హెర్రింగ్ చేపలు రావాలి, మోటారు పాడవకూడదు, నడుం నొప్పి పోవాలి, మార్చిలో మేం పూడ్చిన ఆవిడ్ని కదపకూడదు, ఆమెన్." ఒకే ఊపిరి.

మారిక ప్రభువు ప్రార్థన చెప్పింది. లాంచీల వేళలు రేవులో మైకు చెప్పినట్టు చెప్పింది. నలభై ఏళ్ల అలవాటు.

"ఎలా ఉంది?"

"లాంచీ వెళ్లిపోయింది," అన్నాను.

సలోమి ఎలా చేసేదో చెప్పాను. పొయ్యి దగ్గర నిలబడి, గరిటె చేత్తో, గట్టిగా చేసేది. కిరాణా కొట్టువాడు తూకంలో మోసం చేస్తే ఫోను చేసి అడిగినట్టు. ముందు ఫిర్యాదు. తర్వాత బేరం. మధ్యమధ్యలో "వింటున్నావా?" అని ఆగేది. నేను పక్క గదిలో వార్తలు చదువుకుంటూ "ఆఁ" అనేవాణ్ని. "మిమ్మల్ని కాదు" అనేది. ఆమె దేవుణ్ని నువ్వు అనేది, నన్ను మీరు అనేది. ఆ తేడా పట్టుకుంటే సరిపోయేది. ముప్పై ఏళ్లలో నేను పట్టుకోలేదు. దేవుడి తరఫున ఎన్నిసార్లు పలికానో.

"ఆగినప్పుడు ఏం జరిగేది?" అని మారిక అడిగింది. నోట్సు రాసుకుంటోంది.

"అన్నం ఉడికేది."

ఉర్మాస్ మళ్లీ ప్రయత్నించాడు. "దేవుడా, హెర్రింగ్ చేపల సంగతేంటి?" అని ఆగాడు. మూడు క్షణాలకి నా వంక తిరిగాడు. "ఇప్పుడేం చేయాలి? చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?"

"నిజంగా తెలుసుకోవాలనుందా?"

"చేపల గురించా? రేడియోలో చెప్తారుగా."

నవంబరు 23, ఆదివారం

నివేదిక వచ్చింది. విశ్వాసులు: ఒకరు. వాళ్లిద్దరూ రోజుకి గంట చొప్పున కష్టపడ్డారు. ఉర్మాస్‌కి గొంతు పోయింది.

నవంబరు 27

పొగమంచు. బాయిలరు గది మెట్ల మీద మారిక కూర్చుని ఉంది. నేను పైన మాట్లాడటం పూర్తిచేసి దిగేసరికి అక్కడే ఉంది.

"ఎంతసేపటి నుంచి?" అన్నాను.

"మీరు ఉర్మాస్ మేనత్త పెంపుడు మేక గురించి చెప్తున్నప్పటి నుంచి. భాష రాదు కానీ, పేర్లు తెలుస్తాయి కదా."

రేడియేటర్లలో గాలి వదిలే తాళంచెవి తుడిచాను.

"మీరేనా?" అంది.

"నేను దేవుడితో మాట్లాడటం లేదు."

"తెలుసు. చెవికి తెలియదు." ఆవిడ ముక్కు చీదింది. "చార్వాక గారూ, ఆ రోజు నిలబడి నమ్ముతున్నానని ఒక్క ముక్క అనండి. అయిపోతుంది."

"అబద్ధం."

"దేవుడు లేడంటారు కదా. ఇంక మిమ్మల్ని పట్టుకునేదెవరు?"

"సలోమి పట్టుకుంటుంది."

అనేశాను. మారిక నా వంక చూసి నవ్వడం మొదలుపెట్టింది. బాయిలరు గదిలో నవ్వు చాలా పెద్దగా వినిపిస్తుంది. నాకూ నవ్వొచ్చింది. మార్చి తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటాను. సరిగ్గా చెప్పలేను.

తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుని, "మీ పెళ్లి చర్చిలోనేనా?" అని అడిగింది.

"చర్చిలోనే. ఆవిడ పాడింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ముందే ఒప్పందం. నమ్మమని ఆవిడ అడగదు, మానమని నేను అడగను, నమ్మినట్టు నటించను. ప్రతి ఆదివారం బండి మీద దింపి, బయట పేపరు చదువుకునేవాణ్ని."

"ఎవరూ ఆ ఒప్పందం తప్పలేదా?"

"ఇక్కడికొచ్చిన కొత్తలో ఆవిడ ఒకసారి నన్ను అడిగింది. ఖాళీ బల్లలు చూసి. ఇలాంటి చలిదేశం నుంచే ఎవరో వచ్చి మా ముత్తాతకి బైబిలు ఇచ్చారు, ఇచ్చినవాళ్లు ఎక్కడికి పోయారండీ, అని. నాకు తెలియదన్నాను. అంతే."

మారిక గోడ పట్టుకుని లేచింది. వెళ్తూ, "నిలబడండి, కూర్చోండి, మీ ఇష్టం," అంది. "కానీ ఆవిడకి ఇచ్చిన మాటలు రెండున్నాయి. నేలలోనే ఉంచుతానని ఒకటి. నమ్మినట్టు నటించనని ఇంకోటి. ఏదో ఒకటి పోతుంది."

డిసెంబరు 3

బాయిలరు బాగానే ఉంది.

ఆ రెండు మాటల్లో ఏది పోవాలని మూడో వరసలో సలోమిని అడిగాను. ఎప్పటిలాగే ఆగాను.

డిసెంబరు 7, ఆదివారం

బల్లలు నిండిపోయాయి. ఎన్నడూ కాఫీకి రానివాళ్లు కూడా వచ్చారు.

తనిఖీ అధికారి పేరు హానో. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఇస్త్రీ నలగని కోటు. మారిక బన్ను ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "తనిఖీ పూర్తయ్యేదాకా లంచం కిందికి వస్తుంది."

"యాలకుల బన్నా?"

"లోపల వెన్న ఉంది కదా."

చెవి వెనక మూత తీసి, అంకెలు కనిపించే చిన్న తెరని జనం వైపు తిప్పాడు. ఒకటి అని ఉంది.

"ఈ ఒక్కరు ఎవరో నిలబడితే సరిపోతుంది," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. లేలొ చేతులు కట్టుకుంది. ఉర్మాస్ లేవబోయాడు, నాకోసం అబద్ధం చెప్పడానికి. కోటు పట్టి కూర్చోబెట్టి నేను లేచాను.

జనంలోంచి ఎవరో "ఓ దేవుడా" అన్నారు. హానో అటు చూశాడు. "అది ఊతపదం," అన్నారు వెంటనే.

"మీరు విశ్వాసులా?" అన్నాడు హానో.

"కాదు. ఆ ఒక్కడు మాత్రం నేనే. నాకు దేవుడు లేడు. నేను మాట్లాడేది నా భార్యతో. ఆవిడ బయట, ఉత్తరం గోడ పక్కన ఉంది."

"ఆవిడ నుంచి జవాబు వస్తుందని ఆశిస్తున్నారా?"

"లేదు."

"మరి మాట్లాడి ఆగుతున్నారు. ప్రతిసారీ. చాలాసేపు."

"ఆవిడ నిదానంగా మాట్లాడుతుంది. మధ్యలో అందుకుంటే కోపం."

ఎవరూ నవ్వలేదు. హానో కొంచెంసేపు బూట్ల వంక చూసుకున్నాడు.

"క్షమించండి," అన్నాడు. "అది అలవాటు కిందికి వస్తుంది. విశ్వాసం కిందికి రాదు."

మీట నొక్కాడు. తెర మీద ఒకటి పోయి సున్నా వచ్చింది.

కూర్చున్నాను. లేలొ నా వంక చూడలేదు. గెలిచినదానిలా లేదు.

"ఆఖరి వినికిడి ఒకటి ఉంది," అన్నాడు హానో. "నియమం. మీరు మామూలుగా చేసే ఆరాధన ఏదో అది చేయండి. చెవి వింటుంది. తర్వాత మూసేస్తాను."

మారిక లేచి, "ప్రభువు మీకు తోడై యుండును గాక" అంది. తెర మీద సున్నా. ఆ తర్వాత ఏం చేయాలో ఆవిడకి తోచలేదు. నలభై ఏళ్లుగా ఆ మాట తర్వాత వచ్చేది కాఫీయే. వంటగదిలోకి వెళ్లిపోయింది.

అప్పుడు ఉర్మాస్ లేచాడు. టోపీ తీయలేదు. అటూ ఇటూ ఎవరి వంకా చూడలేదు, లేలొ అడిగిన ఆ ఎత్తయిన పైకప్పు వంక చూశాడు. గొంతు పోయి రెండు వారాలైంది, గీరుకుపోయిన గొంతుతో అన్నాడు:

"ఏంటి, చూస్తున్నావా? ఈ మనిషి ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నీ ఇంట్లో నిలబడి నిజం చెప్పాడు. నువ్వు లేవని నీ మొహం మీదే చెప్పాడు. నేలని నేను తవ్వాను, రెండు రోజులు, చేతులు పగిలాయి. ఇప్పుడు ఆవిడ్ని తీసి అరలో పెట్టమంటావా? చెప్పు. ఏం చేస్తావో చెప్పు."

ఆగాడు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలని ఈసారి ఎవరినీ అడగలేదు. అలాగే పైకి చూస్తూ నిలబడ్డాడు. బేకరీ ఆవిడ పైకి చూసింది. వాళ్ల వెనకవాళ్లు చూశారు. దగ్గు వచ్చినవాడు దగ్గు ఆపుకున్నాడు. లేలొ నోరు కొంచెం తెరుచుకుంది. హానో పెన్ను కాగితం మీద ఆనిచ్చి, రాయకుండా, తల ఎత్తి ఉంచాడు. రేడియేటర్లలో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. ఎంతసేపో నాకు తెలియదు. పైకప్పు వంక నేనూ చూశాను.

అంతలో వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. "అయ్యో!" అంది మారిక. అందరూ ఊపిరి వదిలారు.

తెర మీద ఇరవై ఏడు.

హానో దాన్ని తట్టి చూశాడు. ఇరవై ఏడు. తలలు లెక్కపెట్టాడు. పెట్టి, మళ్లీ పెట్టాడు. తన్ను కలుపుకుంటే సరిగ్గా ఇరవై ఏడు.

"ఇది పొరపాటు," అన్నాడు. "నేను ప్రార్థన చేయలేదు. ఊరికే..."

"ఊరికే ఏం చేశారు?" అన్నాడు ఉర్మాస్.

"ఏమవుతుందోనని చూశాను."

"ఎవరు ఏం చేస్తారనీ?"

హానో తెరని మళ్లీ తట్టాడు. లేలొ లేచి నిలబడింది. "నన్ను కూడా కలిపిందా?" తెర వంక వేలు చూపించింది. "నన్ను తీసేయండి. నేను క్లబ్బు కోసం వచ్చాను."

"తీయలేను," అన్నాడు హానో. మొహం కందిపోయింది. "ఎవరు ఎవరో చెవికి తెలియదు. చట్టం ఒప్పుకోదు. అందరం ఉండాలి, లేదా ఎవరూ ఉండకూడదు."

"మారిక ఉందా అందులో?" అని ఎవరో అడిగారు.

మళ్లీ లెక్కపెట్టారు. లేదు. పాలు చూసుకుంటోంది.

పాస్టరమ్మ గరిటెతో బయటికొచ్చి, చర్చి మొత్తంలో తానొక్కతే అవిశ్వాసి అని విని, గరిటె విసిరేసింది. "ఒక్క రెండు నిమిషాలు నాకోసం ఆగలేకపోయారా!"

హానో కాగితం మీద సంతకం చేశాడు. మూడేళ్ల దాకా చర్చి, ఆవరణ, అందులో ఉన్నవారితో సహా ఎక్కడివక్కడే. సంతకం ఆరాక ఒక బన్ను తీసుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. తలుపు దగ్గర లేలొని ఆపి, నడుస్తున్న చర్చి అయితే గంట గోపురం గోడని వారం మధ్యలో ఇంకొకరు వాడుకోవడానికి ఇవ్వచ్చని, నియమంలో అడ్డేమీ లేదని చెప్పాడు.

"పిల్లలు జారిపడితే దేవుడా అంటారు," అంది లేలొ.

"అని ఆగితే లెక్కకొస్తారు," అన్నాడు.

డిసెంబరు 15

బాయిలరు బాగానే ఉంది.

నమ్మకాల లెక్కల శాఖకి అభ్యంతరం రాశాను. ఇరవై ఏడులో నన్ను తగ్గించమని, ఇరవై ఆరు మంది చాలునని, మా నాన్న పరువు దృష్ట్యా ఇది ముఖ్యమని. ఈ రోజు జవాబు వచ్చింది. ఆ ఇరవై ఏడుగురిలో మీరున్నారని మాకు తెలియదు, తెలుసుకునే హక్కు లేదు, కాబట్టి తీసేయలేం. క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఆ కాగితం తీసుకుని ఉత్తరం గోడ దగ్గరికి వెళ్లాను. మంచు పట్టి ఉంది. చేత్తో తుడిచాను. గోపురం గోడకి లేలొ మేకులు కొట్టిస్తోంది. ఉర్మాస్ కింద నిలబడి, అది మేకు కొట్టే పద్ధతి కాదని అరుస్తున్నాడు. మారిక పొద్దున్న నుంచి చర్చిలో ఒంటరిగా కూర్చుని సాధన చేస్తోంది. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు.

సలోమికి ఉత్తరం చదివి వినిపించాను. మొత్తం, తారీకుతో సహా.

"ఏమంటావు?" అన్నాను.

ఇక్కడ చెవి లేదు. ఎంతసేపు నిలబడినా ఎవరూ లెక్కపెట్టరు.

నిలబడ్డాను.